ఛాతీ మూసిన తరువాత: బైపాస్ రోగుల సంరక్షణలో నర్సుల చరిత్ర

గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనులలో కొవ్వు పేరుకొని దారి మూసుకుపోయినప్పుడు, కాలి నుంచి తీసిన సిరనో, ఛాతీ గోడ లోపలి వైపున ఉండే ధమనినో ఆ అడ్డంకికి అవతల అతికి, రక్తానికి కొత్త దారి ఏర్పరచే శస్త్రచికిత్సను బైపాస్ అంటారు. దీని చరిత్ర రాసినవారు సాధారణంగా సర్జన్ల పేర్లతో మొదలుపెట్టి సర్జన్ల పేర్లతోనే ముగిస్తారు. అందులో అబద్ధమేమీ లేకపోయినా, అది సగం చరిత్రే అవుతుంది. శస్త్రచికిత్స కొన్ని గంటలలో ముగుస్తుంది. ఛాతీ మూసి రోగిని బయటికి తెచ్చిన తరువాత వచ్చే ఒకటి రెండు రాత్రులలో రక్తస్రావం ఆగకపోవడం, గుండె లయ తప్పడం, ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోకపోవడం, మూత్రపిండాలు మందగించడం వంటి ప్రమాదాలలో ఏదైనా, ఏ క్షణంలోనైనా తలెత్తవచ్చు. ఆ రాత్రులను దాటించే పద్ధతులు ఏర్పడి ఉండకపోతే బైపాస్ కొద్దిపాటి పెద్ద ఆసుపత్రులలో జరిగే సాహసంగానే మిగిలిపోయేది. అవి ఏర్పడడానికి ముందు రెండు పాత అభిప్రాయాలు సడలవలసి వచ్చింది. గుండె రోగి మంచం మీద కదలకుండా పడి ఉండాలన్నది మొదటిది కాగా, నర్సు చూసి చెప్పాలే తప్ప తానై చికిత్స చేయకూడదన్నది రెండవది.

ఇరవయ్యవ శతాబ్దం మొదటి సగంలో గుండె జబ్బుకు మందుల కన్నా విశ్రాంతి మీదనే వైద్యులకు గురి ఎక్కువ. కరోనరీ ధమనిలో రక్తం గడ్డకట్టినంత మాత్రాన మనిషి వెంటనే చనిపోనవసరం లేదని, కొందరు బతికి కోలుకుంటారని 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ వివరించిన తరువాత, అలా బతికినవారిని వారాల తరబడి మంచం దిగనివ్వకపోవడం ఆచారమైంది. దెబ్బతిన్న కండరం మచ్చకట్టి గట్టిపడేదాకా ఏ కొద్ది శ్రమ చేసినా గుండె చిట్లిపోతుందని భయపడేవారు. అన్నం తినిపించడం, ముఖం కడగడం, గడ్డం గీయడం, పక్కకు తిప్పడం అన్నీ నర్సుల చేతుల మీదుగానే జరిగేవి. ఎంతో శ్రద్ధగా సాగిన ఈ సేవే చాలామందికి కీడు చేసింది. కదలని కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీసేది. వీపున పుండ్లు పడేవి. కఫం అడుగున నిలిచి నిమోనియాకు దారితీసేది. 1944లో విలియం డాక్, శామ్యూల్ లెవైన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు వేర్వేరుగా రాసిన వ్యాసాలలో ఈ పడక విశ్రాంతి చేసే హానిని బహిరంగంగా ఎత్తిచూపారు. లెవైన్ బోస్టన్‌లో తన శిష్యుడు బెర్నార్డ్ లౌన్‌తో కలిసి గుండెపోటు వచ్చిన 81 మంది రోగులను తొలి రోజులలోనే మంచం దింపి చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఫలితాలను 1952లో ప్రకటించాడు. కూర్చున్నవారికి హాని జరగలేదు సరికదా, వారు త్వరగా తేరుకున్నారు. బైపాస్ అప్పటికి పుట్టనే లేదు. కానీ నేడు ఛాతీ కోసిన మరునాడే రోగిని కుర్చీలోకి చేర్చే నర్సు చేస్తున్న పనికి మూలం ఆ కుర్చీలోనే ఉంది.

శస్త్రచికిత్స అయిన రోగులను కొంతసేపు వేరుగా ఉంచి కనిపెట్టి చూడాలన్న ఆలోచన అంతకన్నా చాలా పాతది. థియేటర్‌ను ఆనుకొని చిన్న గది ఏర్పరచి, రోగి తేరుకునేదాకా అక్కడ ఉంచే పద్ధతి కొన్ని గ్రామీణ ఆసుపత్రులలో ఉన్నట్లు ఫ్లోరెన్స్ నైటింగేల్ 1863 నాటి తన ఆసుపత్రుల గ్రంథంలో పేర్కొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నర్సుల కొరత ఏర్పడినప్పుడు, ఉన్న కొద్దిమందితోనే ఎక్కువమందిని చూసుకోవడానికి వీలుగా ఇటువంటి గదులు విస్తరించాయి. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌ను పోలియో చుట్టుముట్టినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు, ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగుల గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చి, చేతితో సంచిని నొక్కుతూ గాలి అందించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆ సంచులను నొక్కడానికి దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతుల వారీగా రాత్రింబవళ్లు కూర్చున్నారు. మరుసటి సంవత్సరం ఇబ్సెన్ ఏర్పరచిన ప్రత్యేక విభాగాన్ని తొలి ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌గా, అంటే నేడు అందరూ ఐసీయూ అని పిలిచే అత్యవసర సంరక్షణ విభాగంగా చాలామంది గుర్తిస్తారు.

రెండవ అభిప్రాయం మారిన తీరు మరింత ఆసక్తికరమైనది. 1960లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు, ఛాతీ కోయకుండా పైనుంచి అదిమి ఆగిన గుండె పనిని కొంతసేపు నిలబెట్టవచ్చని చూపారు. లయ తప్పి కొట్టుకోవడం మానేసి వణుకుతున్న గుండెను విద్యుత్ ఘాతంతో తిరిగి దారిలో పెట్టే డీఫిబ్రిలేటర్ కూడా ఆ రోజులలోనే మెరుగుపడింది. అయితే ఈ చికిత్సకు గడువు నిమిషాలే. ఒక్కో నిమిషం ఆలస్యమైనకొద్దీ బతికే అవకాశం దాదాపు పదో వంతు చొప్పున తగ్గిపోతుంది. వైద్యుడు మరో అంతస్తులోనో, ఇంటిలోనో ఉంటాడు. మంచం పక్కన ఉండేది నర్సే. ఫిలడెల్ఫియాలోని ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో వైద్యుడు లారెన్స్ మెల్ట్‌జర్, నర్సింగ్ బాధ్యురాలు రోజ్ పినియో 1962-63లో ప్రారంభించిన కరోనరీ విభాగం ఈ విషయాన్నే ఆధారం చేసుకుంది. ఈసీజీ గీతను చదివి ప్రమాదకరమైన లయను గుర్తించడం, వైద్యుడు వచ్చేలోగా తానే ఘాతం ఇవ్వడం అక్కడి నర్సులకు నేర్పారు. మెల్ట్‌జర్, పినియో, కిచెల్ కలిసి నర్సుల కోసమే రాసిన పాఠ్యగ్రంథం 1965లో వెలువడింది. నాడి చూసి కాగితం మీద రాసి పెట్టి పిలుపు కోసం నిలబడే ఉద్యోగం, లయను చదివి క్షణాలలో చికిత్సకు దిగే వృత్తిగా మారిన ఘట్టం ఇది. గుండె వైద్య చరిత్రలో ఏ యంత్రం రాకకూ ఇది తీసిపోదు.

ఇంతలో సర్జన్ల మార్గం కూడా సుగమమవుతూ వచ్చింది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చేపట్టే యంత్రంతో తొలి విజయం సాధించాడు. 1958లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ కరోనరీ ధమనులలోకి నేరుగా రంగు ద్రవం పంపి ఎక్స్‌రే చిత్రం తీసే పద్ధతిని కనుగొన్నాడు. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో కొలెసోవ్ ఛాతీ ధమనిని కరోనరీ ధమనికి కలిపాడు. 1967లో క్లీవ్‌లాండ్‌లోనే రెనే ఫావలోరో కాలి సిరతో బైపాస్ చేసి, దానిని ఎవరైనా నేర్చుకోదగిన క్రమబద్ధమైన పద్ధతిగా తీర్చిదిద్దాడు. ఫావలోరో అంతకు ముందు అర్జెంటీనాలోని మారుమూల పల్లెలో దాదాపు పన్నెండేళ్లు వైద్యం చేస్తూ, ఆ ఊరివారికీ అక్కడి నర్సులకూ స్వయంగా శిక్షణ ఇచ్చినవాడు.

1970లలో బైపాస్ అయిన రోగి ఐసీయూకు చేరే నాటికి శరీరం ఇంకా చల్లగా ఉండేది, ఎందుకంటే యంత్రం మీద ఉన్నంతసేపు కణజాలానికి ప్రాణవాయువు అవసరం తగ్గించడానికి రక్తాన్ని చల్లబరిచేవారు. ఒళ్లు వెచ్చబడుతున్నకొద్దీ రక్తనాళాలు వదులై రక్తపోటు పడిపోతుంది. మూత్రం ధారాళంగా వచ్చే గంటలలో పొటాషియం తగ్గి గుండె లయ చెదురుతుంది. గొంతులో వెంటిలేటర్ గొట్టం, మెడ సిరలో ఒక గొట్టం, మణికట్టు ధమనిలో మరొకటి, మూత్రమార్గంలో ఇంకొకటి, గుండె పైపొరకు కుట్టి బయటికి తీసిన సన్నని పేస్‌మేకర్ తీగలు, ఛాతీ లోపలి నుంచి రక్తాన్ని బయటికి తెచ్చే లావుపాటి డ్రెయిన్ గొట్టాలు, వీటన్నింటి మధ్య రోగి ఉంటాడు. వీటిని పదిహేను నిమిషాలకొకసారి చూసి, పెద్ద చార్టు మీద గంటల వారీగా నమోదు చేస్తూ, ఒక అంకెను మరో అంకెతో కలిపి అర్థం తీయడం నర్సు పని. 1970లో స్వాన్, గాంజ్ అనే వైద్యులు కొసన బుడగ ఉన్న గొట్టాన్ని గుండె గదుల గుండా ఊపిరితిత్తుల ధమనిలోకి పంపి అక్కడి ఒత్తిడిని కొలిచే సాధనాన్ని ప్రవేశపెట్టిన తరువాత ఈ పని మరింత సూక్ష్మమైంది. 1969లో అమెరికాలో గుండె నర్సులు ఏర్పరచుకున్న సంఘం, 1971లో అత్యవసర సంరక్షణ నర్సులందరి సంఘంగా పేరు మార్చుకొని, 1976 నుంచి ప్రత్యేక అర్హత పరీక్షను నిర్వహించసాగింది.

డ్రెయిన్ సీసాను దగ్గరగా చూస్తే ఆ సంరక్షణలోని సూక్ష్మత అర్థమవుతుంది. ఛాతీలోకి గాలి తిరిగి పోకుండా గొట్టం కొన నీటిలో మునిగి ఉండేలా గాజు సీసాను మంచం కింద నేల మీద పెట్టేవారు. సీసా పక్కన నిలువుగా అతికించిన తెల్లటి ప్లాస్టర్ పట్టీ మీద నర్సు ప్రతి గంటకూ ద్రవమట్టం దగ్గర ఒక గీత గీసి పక్కన వేళ వేసేది. గీతల మధ్య ఎడం క్రమంగా తగ్గుతూ వస్తే మేలు. గంటకు 200 మిల్లీలీటర్లు దాటి వరుసగా వస్తూంటే లోపల ఎక్కడో కుట్టు వదిలిందేమోనని సర్జన్‌ను పిలవాలి. అంతవరకు ధారగా వస్తున్నది హఠాత్తుగా ఆగిపోతే మరింత భయపడాలి. గొట్టంలో రక్తం గడ్డకట్టి, బయటికి రావలసిన రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలో నిండి గుండెను బయటినుంచి నొక్కుతూ ఉండవచ్చు. టాంపొనాడ్ అనే ఈ స్థితిలో రక్తపోటు పడిపోతుంది, మెడ సిరలు ఉబ్బుతాయి, నాడి వేగం పెరుగుతుంది. అనుభవం లేనివారు రక్తస్రావం తగ్గిందని ఊరట చెందే క్షణంలోనే అనుభవజ్ఞురాలైన నర్సు ఛాతీ తిరిగి తెరిచే పరికరాల పెట్టెను మంచం దగ్గరికి తెప్పించేది. గొట్టం మూసుకుపోకుండా వేళ్లతో గట్టిగా ఒత్తి కిందికి లాగే అలవాటు అన్ని విభాగాలలోనూ ఉండేది. అలా లాగినప్పుడు ఛాతీలో ఎంత తీవ్రమైన పీడనం ఏర్పడుతుందో 1982లో డంకన్, ఎరిక్సన్ అనే నర్సు పరిశోధకులు కొలిచి చూపి, ఆ అలవాటును ప్రశ్నించారు. నర్సులు తాము రోజూ చేసే పనిని తామే కొలిచి, తప్పని తోస్తే మార్చుకునే స్థాయికి వృత్తి ఎదిగిందనడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

శరీరం కుదుటపడిన రోగులు మనసు చెదిరి కలవరించడం తొలినాటి గుండె శస్త్రచికిత్స విభాగాలను కలతపెట్టిన మరో సమస్య. కొద్ది రోజులు బాగానే మాట్లాడినవారు తాము ఎక్కడున్నారో తెలియక, గోడ మీద లేనివేవో కనిపిస్తున్నాయంటూ, గొట్టాలు పీకివేయడానికి ప్రయత్నించేవారు. 1965లో న్యూయార్క్ మానసిక వైద్యుడు డొనాల్డ్ కార్న్‌ఫెల్డ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో వయోజన రోగులలో మూడింట ఒక వంతుకు మించి ఈ కలవరానికి లోనైనట్లు తేలింది. ఆ రోజులలో ఎక్కువగా జరిగినవి కవాటాల శస్త్రచికిత్సలే అయినా, ఆ పరిశీలనలు తరువాత బైపాస్ రోగులకూ వర్తించాయి. మెదడుకు అందే రక్తంలో తేడాలతో పాటు ఐసీయూ వాతావరణం కూడా ఒక కారణమని కార్న్‌ఫెల్డ్ వాదించాడు. ఎడతెగని దీపకాంతి, యంత్రాల మోత, నిద్ర పట్టేలోగా ఎవరో వచ్చి లేపడం, పగలూ రాత్రీ తేడా తెలియకపోవడం మనిషిని ఏమి చేస్తాయో ఊహించవచ్చు. గోడ గడియారం, కిటికీ, రాత్రి కొన్ని గంటల అవాంతరం లేని నిద్ర, పేరు పెట్టి పిలిచి రోజూ తేదీ చెప్పడం వంటివి అలా చికిత్సలో భాగమయ్యాయి.

భారతదేశంలో ఈ సంరక్షణకు పునాది వేసిన చోటు తెలుగువారు రాయవేలూరుగా పిలుచుకునే వేలూరు. ఐడా స్కడర్ 1909లో అక్కడ ప్రారంభించిన నర్సింగ్ పాఠశాల 1946లో డిగ్రీ కోర్సు నడిపే స్థాయికి చేరింది. 1949లో రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని నెలకొల్పగా, 1961లో ఎన్. గోపీనాథ్ అక్కడే గుండెను తెరిచి శస్త్రచికిత్స చేశారు. దేశ పరిస్థితి మాత్రం దయనీయంగా ఉండేది. 1946 నాటి భోర్ కమిటీ లెక్క ప్రకారం 43,000 మంది జనానికి ఒక నర్సు ఉండగా, ఒక రోగికి ఒక నర్సు చొప్పున రాత్రంతా కూర్చోవలసిన చికిత్సను ఊహించడమే కష్టం. 1975లో మద్రాసు పెరంబూరులోని దక్షిణ రైల్వే ఆసుపత్రిలో కె.ఎం. చెరియన్ చేసినది దేశంలో తొలి విజయవంతమైన బైపాస్‌గా పేరుపొందింది. ఒక ప్రభుత్వ రంగ ఆసుపత్రి సిబ్బంది ఆ రోగులను కాపాడి ఇళ్లకు పంపగలిగారన్న సంగతి సర్జన్ పేరు వెనుక మరుగున పడవలసినది కాదు.

ఆంధ్రదేశపు రోగులు చాలాకాలం రాయవేలూరుకో, మద్రాసుకో రైలెక్కవలసి వచ్చింది. హైదరాబాద్‌లో నిమ్స్, 1988లో వచ్చిన అపోలో వంటి ఆసుపత్రులలో గుండె విభాగాలు నిలదొక్కుకున్న తరువాత ఆ ప్రయాణం తగ్గింది. 1991 నవంబరు 22న నాటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన పుట్టపర్తి ఆసుపత్రి, అప్పటి అనంతపురం జిల్లా వంటి కరవు ప్రాంతంలో గుండె శస్త్రచికిత్సను ఉచితంగా అందించింది. 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాలలో అమలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం బైపాస్‌ను రేషన్ కార్డు గల కుటుంబాల అందుబాటులోకి తెచ్చింది. ఈ విస్తరణను మోసినవారిలో కేరళ నుంచి వచ్చిన నర్సుల పాలు చాలా పెద్దది. మాతృభాష మలయాళమైనా, దగ్గండి, గట్టిగా గాలి పీల్చండి, నొప్పి ఎక్కడుంది అన్న మాటలను మంచాల పక్కనే నేర్చుకొని తెలుగు రోగులను లేపి నడిపించినవారు వాళ్లు. నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన ఏడాది గుండె, ఛాతీ నర్సింగ్ డిప్లొమా, ఇటీవలి అత్యవసర సంరక్షణ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉన్నప్పటికీ, మూడేళ్ల సాధారణ శిక్షణతో నేరుగా ఐసీయూలో చేరి, పెద్ద సిస్టర్ల పక్కన నిలబడి పని నేర్చుకున్నవారే ఎక్కువ. యంత్రాలకు పెట్టినంత పెట్టుబడి ఆ శిక్షణకు పెట్టకపోవడం ఈ చరిత్రలో చెప్పక తప్పని లోపం.

1990ల నుంచి సంరక్షణ వేగం మారింది. అంతకు ముందు ఎక్కువ మోతాదు మత్తు మందుల వల్ల రోగిని మరునాటి దాకా వెంటిలేటర్ మీదనే ఉంచేవారు. మోతాదులు తగ్గించి, స్పృహ వచ్చి, ఒళ్లు వెచ్చబడి, రక్తస్రావం సద్దుమణిగిన వెంటనే గొట్టం తీసివేసే పద్ధతి వ్యాపించింది. 2019 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆరు గంటల లోపు తీయడాన్ని సూచించాయి. మధుమేహం విస్తారంగా ఉన్న తెలుగు ప్రాంతాలకు మరింత సంబంధించిన మార్పు రక్తంలో చక్కెర అదుపు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫర్నరీ బృందం మధుమేహ రోగులకు ఇన్సులిన్‌ను చర్మం కింద విడివిడిగా ఇవ్వడానికి బదులు సిరలోకి నిరంతరంగా ఎక్కించినప్పుడు, రొమ్ము ఎముక లోతున చీము పట్టడం 2.0 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్లు 1999లో ప్రకటించింది. గంట గంటకూ వేలి కొన నుంచి చుక్క తీసి చూసి, మోతాదును తానే సవరించే నర్సు లేకుండా ఆ పద్ధతి నడవదు.

ఆసుపత్రి నుంచి వెళ్లిన తరువాతి ఆరు నుంచి ఎనిమిది వారాలు తెలుగు ఇళ్లలో ప్రత్యేకమైన చిక్కులతో గడుస్తాయి. రెండుగా కోసి తీగలతో బిగించిన రొమ్ము ఎముక ఆ కాలంలో అతుక్కోవాలి కాబట్టి బరువులెత్తవద్దని, చేతులు ఊని లేవవద్దని అన్ని దేశాలలోనూ చెబుతారు. అయితే పాశ్చాత్య పుస్తకాలలోని సూచనలు కుర్చీ, కమోడ్, కారు ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకున్నవి. చాప మీద నుంచి రెండు చేతులూ నేలకు ఆన్చి లేవడం, గొంతుకూర్చునే మరుగుదొడ్డి, నీళ్ల బిందె, చేతిపంపు, గతుకుల బాటలో మోటారుసైకిల్ ఇక్కడి నర్సులు తమంతట తాము జాబితాలో చేర్చుకోవలసినవి. దానికి తోడు పథ్యం ఉంది. పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకంతో కుటుంబాలు రోగికి పప్పు, గుడ్డు, చేప మానిపించి చారన్నంతో సరిపెడతాయి, గాయం మానడానికి మాంసకృత్తులు అత్యవసరమైన రోజులు అవే అయినప్పటికీ. పథ్యాన్ని ఎగతాళి చేసిన చోట నర్సుల మాట ఎవరూ వినలేదు. ఉప్పు, నూనె తగ్గించడమే ఈ జబ్బుకు అసలు పథ్యమని, పప్పు గాయాన్ని పూడుస్తుందని ఇంటి పెద్దావిడకు చెప్పిన సిస్టర్ల మాట నిలిచింది. పరామర్శకు గుంపులుగా వచ్చే బంధువులను గుమ్మం దగ్గరే ఆపమని చెప్పడం కూడా ఆవిడకే. డిశ్చార్జి కాగితం మాత్రం చాలాచోట్ల ఇంగ్లీషులో ఉండి కొడుకు చేతికి పోతుంది. అందువల్ల అనుభవం గల నర్సులు ముందురోజు సాయంత్రమే భార్యనో కోడలినో మంచం దగ్గరికి పిలిచి, దగ్గేటప్పుడు దిండును ఛాతీకి ఎలా హత్తుకోవాలో, పక్కకు ఒరిగి కాళ్లు దించి చేతులు ఊనకుండా ఎలా లేవాలో రోగి చేత చేయించి చూపుతారు. కోత చుట్టూ ఎరుపు, చెమ్మ, కదిలినప్పుడు ఎముక టిక్కుమనడం, జ్వరం, ఒక్కసారిగా బరువు పెరగడం, వీటిలో ఏది కనిపించినా తిరిగి చూపించుకునే తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే రావాలని చెప్పి, ఆ మాటను వారి నోటితోనే తిరిగి చెప్పించుకుంటారు.